యాభై ఒక్క ముక్కల తీర్పు

ఎల్లస్వామికి ఒక్కటే పిచ్చి. ఎవరింట్లో పేకాట తగాదా వచ్చినా తీర్పు చెప్పడానికి తయారు. పిలిస్తే సరే, పిలవకపోయినా సరే. ఆడమంటే మాత్రం ఆడడు. తీర్పుకు ముందు ముక్కలన్నీ లెక్కపెట్టందే నోరు విప్పడు.

ఆ లెక్కల జబ్బు బొగ్గుబావిలో అంటుకుంది. ల్యాంపురూములో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. గనిలోకి దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చి, షిఫ్టు అయ్యాక తిరిగి తీసుకునే పని. ఒక దీపం తక్కువైందంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. ఉద్యోగం పోయింది గానీ లెక్క పోలేదు. ఇంట్లో గారెలు కూడా లెక్కపెట్టాకే ముట్టేవాడు.

"పళ్లెంల ఎన్నున్నయో లెక్కవెడ్తడు. ఎన్ని తిన్నడో మాత్రం మర్చిపోతడు" అనేది భార్య బతుకమ్మ.

ములకలపల్లిలో వాళ్ల వాడంతా చింతగింజలు పెట్టి మూడు ముక్కలాట ఆడతారు. డబ్బులు పెడితే పోలీసులొస్తారు, చింతగింజలు పెడితే చుట్టాలొస్తారు. గొడవలకు మాత్రం ఏ లోటూ లేదు. గొడవ మొదలవగానే ఎల్లస్వామి ప్రత్యక్షం.

"అందరు చేతులు ఎనకకు వెట్టుకోండ్రి. ఛాయ్ తెండ్రి."

ఛాయ్ తాగేవాడు. నల్ల డబ్బాలోంచి కళ్లజోడు తీసేవాడు. వేలు తడి చేసుకుని ముక్కలు లెక్కపెట్టేవాడు. డబ్బా టక్కున మూసి, ఎవరో ఒకరి వైపు వేలు చూపించి, "ఈడు గెలిచిండు" అనేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. ఒకసారి పక్కింటి జానీ ఉండబట్టలేక, "ఎట్ల గెలిచిండే కాకా?" అని అడిగాడు.

"ముక్కల్ని అడుగు. నన్ను అడుగుతవేంది?"

జానీ కాసేపు నిజంగానే ముక్కల వైపు చూశాడు.

ఇదంతా చిల్లర తగాదాల సంగతి. అన్నదమ్ములు గల్లాలు పట్టుకునేంత పెద్ద గొడవైతే మాత్రం ఒక విచిత్రం జరిగేది. పేకలో ఒక ముక్క తక్కువయ్యేది. "యాబై ఒకటే ఉన్నయ్. ఆట రద్దు!" అనేవాడు ఎల్లస్వామి. ఊరంతా వెళ్లి దుకాణం చందూలాల్ మీద పడేది.

"నేను అమ్మినప్పుడు నిండుగనే ఉంటయ్! ఆయన లెక్కవెట్టినప్పుడే తగ్గుతయ్. నేనేం జెయ్యాలె?" అని చందూలాల్ మొత్తుకునేవాడు. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

ఇలా ఉండగా ఎల్లస్వామి తమ్ముడు చందర్ కూతురు అరుణశ్రీకి నిశ్చితార్థం కుదిరింది. పిల్లాడిది కారేపల్లి, పేరు నాగచైతన్య. ఖమ్మంలో చదువుకునేటప్పుడు ఒకరినొకరు ఇష్టపడ్డారు. వాళ్లది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మిర్చి రైతుల కుటుంబం, వీళ్లది బొగ్గుబావి కుటుంబం. రెండిళ్లనూ ఒప్పించేసరికి పిల్లలిద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. తాంబూలాలు పుచ్చుకుంటే గండం గడిచినట్టే అని నిశ్చితార్థం రోజు అరుణశ్రీ పొద్దుటి నుంచి గుండె చేత్తో పట్టుకుని తిరుగుతోంది.

భోజనాలయ్యాయి. ముహూర్తానికి ఇంకా టైముంది. మగపెళ్లివారికి పొద్దుపోవాలని చందర్ పేక తీశాడు. ముందు నవ్వులే నవ్వులు. ఆఖరి ఆటలో పెళ్లికొడుకు తండ్రి పిచ్చయ్య తన ముక్కలు రాజు, రాణి, జాకీ పరిచి చింతగింజల కుప్ప దగ్గరికి లాక్కోబోయాడు. చందర్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగుండ్రి బావగారూ! నాకు ఆసు, రెండు, మూడు. రాజు వరస కంటే ఇదే పెద్దది."

"అదేంటండీ! మా వైపు ఆసు, రెండు, మూడంటే అన్నిటికన్నా చిన్న వరస."

"మా బొగ్గుబాయిల మీద ఇదే రూలు!"

"అయితే మీకసలు వరసలే తెలియవండీ!"

పిచ్చయ్య అన్నది పేకాట వరస. కానీ వంటింట్లో ఉన్న బతుకమ్మకు ఈ చివరి మాట ఒక్కటే వినిపించింది. గరిటెతో సహా బయటికి వచ్చింది.

"ఏందీ? మేం వావి వరసలు తెల్వనోళ్లమా? తెల్వనోళ్లింటికి పిల్లనడగ ఎందుకొచ్చిండ్రు?"

అప్పుడే నిద్ర లేచిన పిచ్చయ్య భార్య హైమకు ఈ మాట ఒక్కటే వినిపించింది. "ఇంటికి పిలిచి ఇంత మాటంటారా? పదండి, ఇంకేం తాంబూలాలు!" అంటూ పళ్లూ పూలూ ఉన్న పళ్లెం చంకన పెట్టుకుంది.

"నాన్నా, మూడు ముక్కల కోసం నా పెళ్లి ముక్కలు చెయ్యకు" అని నాగచైతన్య బతిమాలాడు. వినేదెవరు? అరుణశ్రీ ఇక ఆగలేదు. పెరట్లో కుర్చీలు లెక్కపెడుతున్న ఎల్లస్వామి దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దనాయినా, జల్దీ రా! నా పెండ్లి ఆగేటట్టుంది!"

ఎల్లస్వామి వచ్చాడు. "అందరు చేతులు ఎనకకు వెట్టుకోండ్రి. ఛాయ్ తెండ్రి" అన్నాడు. బతుకమ్మ గరిటెతో సహా చేతులు వెనక్కి పెట్టుకుంది. హైమ పళ్లెం దించక తప్పలేదు. ఆయన తాపీగా ఛాయ్ తాగి, కళ్లజోడు తీసి, ముక్కలు లెక్కపెట్టి, డబ్బా టక్కున మూశాడు.

"ఒకటి తక్కువున్నది."

ఇల్లంతా వెతుకులాట. చాపలు దులిపారు. దిండ్లు తిప్పారు. చందర్ ఒక వైపు నుంచి, పిచ్చయ్య ఇంకో వైపు నుంచి ఒకే మంచం కిందికి దూరారు. తలలు ఠపీమన్నాయి. ఒకరి తల ఒకరు రుద్దుకుంటూ బయటికొచ్చేసరికి హైమ, బతుకమ్మ ఒకరి భుజం మీద ఒకరు వాలి నవ్వుతున్నారు.

"పేకే నిండుగ లేనప్పుడు ఆటేడిది? ఆటే లేనప్పుడు వరసేడిది?" అన్నాడు ఎల్లస్వామి. "ఇంతకీ వరస అన్నది ముక్కలని. మనుషులని కాదు. లేవుండ్రి, ముహూర్తమైతున్నది."

తాంబూలాలు మారాయి. అరుణశ్రీకి ప్రాణం లేచి వచ్చింది. మారనిదల్లా ఆమె చూపే. అది ఆ నల్ల డబ్బా మీదే ఉంది. పెదనాన్న కళ్లజోడు ముక్కు మీదే ఉంది. మరి ఖాళీ డబ్బా అంత జాగ్రత్తగా ఎందుకు మూశాడు? అందరూ వెళ్లాక డబ్బా తెరిచింది. లోపల ఆటీను రాణి ఒళ్లు వంచుకుని దర్జాగా పడుకుని ఉంది.

"పెద్దనాయినా! ఇన్నేండ్లు ఇదా నువ్వు జేసింది?"

"అవ్ బిడ్డా. ల్యాంపురూముల ఒకటి తక్కువైతే పానం పోయేది. ఈడ ఒకటి తక్కువైతేనే అందరు నవ్వుకుంట ఇంటికి పోతుండ్రు."

"సరే గానీ, ఇయ్యాల అసలు గెలిచింది ఎవరు?"

"నాకేం ఎరుక? నాకు పేకాట రాదు."

"మరి రోజూ తీర్పులు చెప్తవ్ గదా!"

"ఎవని మొకం ఎక్కువ చిన్నగుంటే వాడు గెలిచినట్టు."

పెళ్లిలో ఆయన అరుణశ్రీకి ఖాళీ కళ్లజోడు డబ్బా ఒకటి చదివించాడు. అమ్మాయికి చూపు మందమా అని మగపెళ్లివారు వారం రోజులు గుసగుసలాడుకున్నారు.

దసరాకు కారేపల్లిలో పిచ్చయ్య, ఆయన తమ్ముడు పేకాడుతూ మాటామాటా అనుకున్నారు. ఆస్తి పంపకాల దాకా పోయి, తమ్ముడు చెప్పులు తొడుక్కుంటున్నాడు. అరుణశ్రీ టీ గ్లాసులు తెచ్చి మధ్యలో కూర్చుంది.

"చినమామయ్యా, ఒక్క నిమిషం ఆగండి. మామయ్యా, చేతులు వెనక్కి పెట్టుకోండి. ముందు ముక్కలు లెక్కపెడదాం."

వేలు తడి చేసుకుంది. కొంగు చాటున డబ్బా టక్కుమంది.