పెండ్లి పడవ ఇంజన్‌కు పర్మిషన్

శంషాబాదుల తొండుపల్లి పక్కన ఒక తోటకు నేను మేనేజర్‌ను. పెండ్లికి ముందు జంటలు వచ్చి అక్కడ ఫోటోలు, వీడియోలు దిగుతరు. ప్లాస్టిక్ పూల గోడ ఉన్నది, రెండు ఉయ్యాలలున్నయి, సిమెంటుతోని కట్టిన చిన్న చెరువున్నది. నడుము లోతు నీళ్లు. అందుల ఒక ఎర్ర పడవ. మా ఓనర్ దాన్ని గోవాల పాతది కొన్నడు. ఇంజన్ మాత్రం విదేశీది, సముద్రంల తిరిగొచ్చింది. పడవ నడిపేది కూడ నేనే.

పోయిన ఎండకాలం ఒక జంటను ఎక్కించుకున్నంక ఇంజన్ ఆగిపోయింది. మళ్ల లేవలే. కాటేదాన్‌ల పంపులు, జనరేటర్లు బాగుచేసే చాచాను పిలిచిన. అరవై దాటిన మనిషి. రోజంతా విప్పి, సాయంత్రం అరచేయంత నల్ల డబ్బా నా టేబుల్ మీద పెట్టిండు.

“ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చేది ఇదే, బేటా. కాలిపోయింది. లోపలంత లక్క పోసినట్టు మూసిండ్రు. నాతోని కాదు.”

అసొంటిది మన దేశంల ఎక్కడ అడిగినా దొరకలే. నెట్‌ల వెతికితే ఒక విదేశీ దుకాణంల ఒక్కటే ఉన్నది. ఆర్డర్ పెట్టిన. రెండు రోజులకు జవాబొచ్చింది. పడవ ఇంజన్ సామాన్లు యుద్ధానికి పోతున్నయని వాళ్ల సర్కారు అడ్డం పెట్టిందట. ఎవరు వాడుతరో, దేనికి వాడుతరో రాసిస్తే పర్మిషన్ అడుగుతమన్నరు.

ఓనర్ దోస్తు ఒకాయన, వాషింగ్ మెషిన్ సామాను అని రాయించి దుబాయి మీదికెళ్లి తెప్పిస్త అన్నడు. నాక్కూడ అదే నయమనిపించింది. చాచాతోని చెప్పిన.

“పెండ్లి పడవ బేటా ఇది,” అన్నడు. “దీనికి దొంగతనమెందుకు? ఉన్నది రాయి.”

ఫారం పదకొండు పేజీలున్నది. చాచా కుర్చీ దగ్గరికి జరుపుకున్నడు. నేను ఇంగ్లీషు చదివి తెలుగుల అడుగుతుంటే ఆయన జవాబులు చెప్పిండు.

“పడవ పని ఏంది అంటున్నరు.”

“పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల కూర్చుంటరు.”

“ఎంత దూరం పోతది?”

“ఈ గట్టు నుంచి ఆ గట్టుకు.”

“ఆయుధాలుంటయా?”

చాచా జర సోంచాయించిండు. “గొడుగు ఉంటది. రాయాల్నా?”

లేవు అని రాసిన.

నెలకు ఇంకో ఉత్తరం. నీళ్ల లోతుకు రుజువు పంపుమన్నరు. చాచా లుంగీ ఎగ్గట్టి చెరువు నడుమ నిలబడ్డడు. ఫోటో తీసి చూపిస్తే, టోపీ పెట్టుకుంట, మళ్ల తియ్యి అన్నడు. టోపీతోని తీసిందే పంపిన.

పర్మిషన్ వచ్చేసరికి వానకాలం అయిపోయింది. విమానాలు మా తోట మీదికెళ్లే దిగుతయి. డబ్బా అట్లనే దిగి, ఎయిర్‌పోర్టు కార్గోల తొమ్మిది రోజులున్నది. పదో రోజు నన్ను పిలిచిండ్రు. కస్టమ్స్ ఆఫీసరు కోస్తా ఆయన, మెల్లగ మాట్లాడుతడు.

“శంషాబాదులో పడవేమిటమ్మా?”

“పెండ్లి ఫోటోలకు, సార్.”

కాగితాలన్నీ తిరగేసి చాచా ఫోటో దగ్గర ఆగిండు.

“వీరు పెళ్లికొడుకా?”

“మెకానిక్, సార్.”

“సరేనమ్మా,” అని ముద్ర వేసిండు.

తెల్లారి చాచా డబ్బా బిగించిండు. మూడోసారి తాడు గుంజితే ఇంజన్ లేచింది. మొదటి రౌండు నువ్వే కూర్చో చాచా అన్న. ఆయన గట్టు దిగలే.

“నాకు భయం, బేటా. ఎన్నడూ పడవెక్కలే.”

“నడుము లోతే గద. నువ్వే నిలబడ్డవ్.”

“నిలబడితే నడుము లోతు,” అన్నడు.

బలవంతం చెయ్యలే. సోమవారం బుకింగులు లేవు. ఆరోజు ఆయనే చాచీని స్కూటర్ మీద తీసుకొచ్చిండు. ఆమె ఎవ్వర్ని అడగకుంట, బుర్ఖా అంచు ఎత్తి పట్టుకొని పోయి పడవల కూర్చున్నది. ఇగ ఆయనకు ఎక్కక తప్పలే. మొదటి రౌండంత కండ్లు మూసుకొనే ఉన్నడు. రెండో రౌండుల తెరిచి, ఇంజన్ చప్పుడుల తేడా ఉన్నది, ఆపు అన్నడు. నాకైతే ఏ తేడా వినబడలే.

గట్టుకు రాంగనే పానాలు, స్క్రూడ్రైవరు పట్టుకొని ఇంజన్ ముందట కూర్చున్నడు. చాచీ గట్టు మీద టిఫిన్ విప్పి, నాక్కూడ అన్నం, ఖట్టీ దాల్ పెట్టింది.

“ఇంకొక రౌండు తిప్పుతవా?” అని మెల్లగ అడిగింది. “ఆయనను ఇక్కడనే ఉండనీ.”