వేళకు ముందే పడే గేటు

రొద్దం నుంచి పెనుకొండకు వచ్చే బండ్ల దారిలో ఒక రైలు గేటు ఉండేది. చుట్టుపక్కల ఇల్లన్నది లేదు. అక్కడి గేటుమనిషి రైలు చప్పుడు వినపడకముందే గేటు వేసేసేవాడు.

“ఏమప్పా, పొగ గూడా కనపడలా, అప్పుడే గేటేస్తివే?” అనేవాడు మా నాయన.

“వస్తాది లేప్పా. మీ పక్క వాన పడిండాదా?”

నాయన విసుక్కుంటూనే బండి దిగి, అతనికొక బీడీ ఇచ్చి, వాన సంగతి చెప్పేవాడు. రైలు వెళ్లిపోయాక కూడా అతని చెయ్యి కాసేపు గేటు మీదే ఉండేది.

పెళ్లయ్యాక ధర్మవరం పోతూ ఆ గేటును మొదటిసారి రైల్లోంచి చూశాను. అటూ ఇటూ ఒక్క బండీ లేదు. పచ్చజెండా పట్టుకుని, దాటిపోతున్న కిటికీలను అతను ఏదో అడుగుతున్నాడు.

“పడిండాదప్పా, బాగా పడిండాది,” అని కిటికీలోంచి అరిచాను.