బయమ్మ ఎడమ పిడికిలి

నా తిరుగుళ్లలో చాలా ఊళ్ల పేర్లు మరిచిపోయాను గానీ, బెళుగుప్ప దగ్గర రైతు గంగాధరప్ప ఇంట్లో గడిపిన ఆ వారం మాత్రం వదలదు. 2003. వరసగా వానల్లేని ఏళ్లు, విత్తనపు చెనక్కాయ ప్రాణంతో సమానం. నేను అరుగు మీద పాత పత్రికలు తిరగేస్తుంటే కింద పదిమంది ఆడవాళ్లు కాయలు ఒలిచేవారు. పొద్దు వాలాక ఒడి దులిపి, రెండు అరచేతులూ చూపించి ఇంటికి పోవాలి. అది ఆ ఇంటి కట్టుబాటు.

ఒకరోజు బయమ్మ కొత్తగా పనికి వచ్చింది. ఏడాది కిందటి పక్షవాతంతో ఆమె ఎడమకాలు ఈడ్చుకుపోయేది, ఎడమచేయి మడుచుకుని పిడికిలి బిగిసిపోయింది. కుడిచేత్తోనే కాయలు రాతిమీద నొక్కి పగలగొట్టింది. ఎడమచేయి కొంగులోంచి బయటికే రాలేదు.

"ఆ చెయ్యి గూడా చూపీమ్మా," అన్నాడు గంగాధరప్ప.

"అది రాదప్పా."

"పొద్దన్నుంచి కొంగులోనే పెట్టుకోనుండావు. తెరిస్తే రేపు పనికి రా, లేకుంటే వద్దు."

"వజ్రకరూరు వజ్రం దొరికిందేమో లేన్నా," అని ఎవరో నవ్వారు.

నేను ఊరుకోవలసింది. మెదడు నుంచి వదలమనే కబురు అందని కండరం గుంజినకొద్దీ బిగుస్తుందని, సిగ్గుపడితే మరీ బిగుస్తుందని ఎక్కడో చదివాను కూడా. అయినా దిగివెళ్లి, "చూపిస్తే అయిపోతుంది కదమ్మా," అంటూ ఆ వేళ్లు పట్టి లాగాను. అవి ఇంకా ముడుచుకున్నాయి. ఆమె ఎడమ మడమ దానంతటదే నేలమీద టకటకా కొట్టుకుంది.

"నాటకాలు," అన్నాడు గంగాధరప్ప.

ఆమె పక్కింటి తిప్పమ్మ లేచింది. "సదువుకున్నోనివి, పక్కకు జరుగు పెద్దాయనా." మణికట్టును మెల్లగా లోపలికి వంచి పట్టుకుని కాసేపు ఆగింది. వేళ్లు వాటంతటవే వదులయ్యాయి.

గింజ లేదు. నాని తెల్లబడిన చర్మం, గోళ్లు దిగిన పుండ్లు, అందరికీ తగిలేంత వాసన. ఆమె దాచుకున్నది దాన్ని.

"కడుక్కుందామంటే తెరుచుకోదు సామీ," అంది తల దించుకుని. సంజాయిషీ కూడా ఆమే చెప్పుకుంది.

"రేపట్నుంచి ఎవురూ చేతులు చూపియ్యొద్దు," అన్నాడు గంగాధరప్ప గోడవైపు చూస్తూ.

మరునాడు సాయంత్రం బయమ్మ నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఎడమచేతిలో గోళ్లు దిగకుండా కొత్తగా ఒక గుడ్డచుట్ట ఇమిడి ఉంది, సబ్బు వాసన వేస్తోంది. కుడిచేత్తో దాన్ని ఎత్తి చూపించింది.

"చూడు సామీ."

నేను పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె చాలాసేపు అలాగే నిలబడింది.