డ్రైవరమ్మ ఇవ్వనన్న మందు

ఆ డిపోలో ఆవిణ్ణి అందరూ డ్రైవరమ్మ అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్లుగా సిటీ బస్సు నడుపుతోంది. ఆవిడ బ్రేకు వేస్తే నిలబడ్డ ముసలివాళ్లు కూడా తూలేవారు కారు.

అలాంటి మనిషికి నెలసరి ఆగిన ఏడాదికల్లా ఒంట్లో కొలిమి రాజుకున్నట్టు ఆవిర్లు మొదలయ్యాయి. స్టీరింగు మీద చేతులు చెమటకు జారేవి. నిద్ర కరువై కళ్లు మండేవి. ఒకరోజు ఎర్రలైటు క్షణం ఆలస్యంగా కనిపించింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆవిడ బండిని డిపోకి చేర్చి, తాళం మేనేజరు బల్ల మీద పెట్టేసింది.

"డాక్టరుకు చూపించుకుని వస్తాను. అందాకా నన్ను బండెక్కించకండి."

"ఈ వయసులో ఇవన్నీ మామూలేగా అమ్మా" అని నసిగాడు మేనేజరు.

"నాకు మామూలే. వెనక కూర్చున్నవాళ్లకి కాదు."

డాక్టరమ్మ దగ్గర ఆవిడ ఏదీ దాచలేదు. తనకు బీపీ ఉందనీ, పెద్దమ్మకు కాల్లో రక్తం గడ్డకట్టిందనీ చెప్పింది. రొమ్ము పరీక్ష, రక్తపరీక్షలు అయ్యాక డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుంది.

"మీకు ఈస్ట్రోజెన్ హార్మోను మాత్ర కన్నా చర్మానికి అంటించే ప్యాచ్ మేలు. గడ్డకట్టే భయం తక్కువ. గర్భసంచి ఉంది కాబట్టి అదొక్కటే వాడకూడదు, లోపలి పొర మందమై కేన్సరుకు దారితీయొచ్చు. తోడుగా ఈ ప్రొజెస్టిరాన్ మాత్ర మానకండి. మళ్లీ రక్తస్రావమైనా, కాలు వాచినా, ఛాతీ నొప్పి వచ్చినా వెంటనే రావాలి."

నెల తిరిగేసరికి ఆవిర్లు సద్దుమణిగాయి. కంటినిండా నిద్రపట్టింది. ఆవిడ మళ్లీ బండెక్కింది.

అది చూసి కండక్టరమ్మకు ఆశ పుట్టింది. ఒకే బస్సు మీద ఇద్దరిదీ ఐదేళ్ల జంట.

"వదినా, నాదీ అదే బాధ. నీ ప్యాచుల్లో రెండు నాకివ్వవూ?"

"ఇవ్వను. అది నా ఒంటికి కొలిచి రాసిన మందు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టవుతుంది."

కండక్టరమ్మ మూతి ముడుచుకుంది. రెండు రోజులు టిక్కెట్ల మాట తప్ప మరో మాట లేదు. మూడోరోజు డ్రైవరమ్మ తను సెలవు పెట్టి, ఆవిడ చేతా పెట్టించి, చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

"ఇదివరకు ఏమైనా ఆపరేషన్లు జరిగాయా?" అనడిగింది డాక్టరమ్మ.

కండక్టరమ్మ తల వంచుకుంది. "ఆరేళ్ల కిందట రొమ్ములో గడ్డ తీశారు. కేన్సరన్నారు."

డ్రైవరమ్మ చప్పున ఆవిడ వైపు తిరిగింది. మొహమాటానికి పోయి ఆ రెండు ప్యాచులూ ఇచ్చి ఉంటే?

"అయితే మీకు ఈస్ట్రోజెన్ వద్దు, ఆ కేన్సరు మళ్లీ తిరగబెట్టొచ్చు. హార్మోను లేని మందులున్నాయి. మీ కేన్సరు డాక్టరుతో మాట్లాడి రాస్తాను" అంది డాక్టరమ్మ నిదానంగా.

మెట్లు దిగుతూ, "నాక్కూడా చెప్పలేదేమే?" అనడిగింది డ్రైవరమ్మ.

"జాలిపడతావని."

"జాలి లేదు, ఒళ్లు మండుతోంది. ఈసారి దాస్తే బస్సులోంచి దింపేస్తాను."

కండక్టరమ్మ ఏడుస్తూనే నవ్వేసింది.

కొత్త మందుతో ఆవిడ ఆవిర్లు పూర్తిగా పోలేదు గానీ సగానికి సగం తగ్గాయి. ఇప్పుడు ఏటా పరీక్షలకు ఇద్దరూ ఒకేరోజు సెలవు పెడతారు. ఏ సాకో చెప్పి తప్పించుకోకుండా, లోపలికి మాత్రం ముందు కండక్టరమ్మనే పంపుతుంది డ్రైవరమ్మ.