ఏడ్చిన దిబ్బ

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్న మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. విన్నదల్లా రాయాలనిపిస్తుంది. నేను మా ఊరి చుట్టూ ఉన్న చోట్ల పేర్లు, అవి ఎలా వచ్చాయో రాయడం మొదలుపెట్టాను. మాది కొల్లేరు లంక ఊరు. బాతుల గట్టు, దొంగల మలుపు, పంతులుగారి రేవు. ఆ చోట్లు చాలావరకు చేపల చెరువుల్లో కలిసిపోయాయి. పేర్లు మాత్రం ఆకివీడు లారీ డ్రైవర్ల ఫోన్లలో ఇంకా బతికే ఉన్నాయి.

వాటిలో ఒకటి ఏడ్చిన దిబ్బ. అక్కడ ఏడ్చిన మనిషి మా ఇంట్లోనే ఉంది, నా పెద్ద తోడికోడలు. అక్కా అని పిలుస్తాను. ఆవిడ పుట్టిల్లు తాడేపల్లిగూడెం అవతల మెట్ట ఊరు. కాపురానికి పడవలో వస్తూ పుట్టింటి మీద బెంగతో ఆ దిబ్బ మీద ఏడ్చిందని ఊరంతా చెబుతుంది. కూరలో ఉప్పు తక్కువైతే మా బావగారు ఇప్పటికీ, "పుట్టింటి మీద బెంగ ఇంకా తీరలేదు కాబోలు" అంటారు.

నేనూ అలాగే రాశాను. బడి పంతులమ్మగారు ఈ కథలన్నీ బడి గోడ మీద రాయిస్తానన్నారు. ఆ సంగతి వినగానే అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"గోడ మీదే? అయితే అది కొట్టెయ్యి."

"ఏం, మీరు ఏడవలేదా అక్కా?"

"ఏడ్చాను. అమ్మ కోసం కాదు."

ఆ రోజు పడవ దిబ్బ దగ్గర ఆగిందట. కొత్త పెళ్ళికొడుకు పసుపు బట్టలతోనే నీళ్ళలోకి దూకి మునిగాడు. ఎంతకీ పైకి రాలేదు. లంకవాళ్ళకు అదొక ఆట. బురదలో కొర్రమీను చేతికి దొరికేదాకా ఊపిరి బిగబట్టి లోపలే ఉంటారు. నూతి నీళ్ళు తప్ప చూడని మెట్ట పిల్లకు ఆ సంగతి ఏం తెలుసు? మొగుడు పోయాడనుకుంది. ఆయన చేపతో నవ్వుతూ లేచేసరికి ఈవిడ ఏడుపు అవతలి ఒడ్డుదాకా వినిపిస్తోంది. ఎందుకని ఆడవాళ్ళు అడిగితే, మొగుడి కోసమని చెప్పడానికి సిగ్గేసి, "అమ్మ గుర్తొచ్చింది" అంది.

"బావగారికీ తెలీదా?"

"చెప్పావంటే చంపేస్తాను."

"గోడ మీద రాస్తే ఆయన చదవరా మరి?"

అక్క చింతపండు పిసికి గిన్నె పక్కన పెట్టింది.

"నేను పోయాక కూడా పిల్లలు ఆ అబద్ధమే చదువుతారు కదే. నిజమే రాసెయ్యి. ముందు ఆయనకి చదివి వినిపించు. నేను పెరట్లో ఉంటాను."

మధ్యాహ్నం బావగారికి కూడబలుక్కుంటూ చదివాను. చేప దగ్గర గట్టిగా నవ్వారు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

"కాస్త తొందరగా చదవమ్మా" అన్నారు.

నా చదువుకు తొందర తెలియదు. నెమ్మదిగానే పూర్తి చేశాను. ఆయన లేచి పెరటి గుమ్మం దాకా వెళ్ళారు. అక్క తలుపు వెనకే ఉంది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"చెబితే రోజూ మునిగేవారు కదండీ."