మోగని క్రాంకు

పుంగనూరు మేస్త్రీ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మదనపల్లెలో టమోటాలు ఏరుకుంటున్నాను. బుట్ట అక్కడే వదిలేసి బస్సెక్కాను. దారంతా ఏడ్చాను. ఆ ఏడుపు ఇప్పుడు వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది.

ఆయన నాకు బంధువు కాడు. నాకు డ్రైవింగ్ నేర్పిన మనిషి, మా నాన్న కారును బాగుచేస్తూ వచ్చిన మెకానిక్కు. నాన్నకు కార్ల పిచ్చి. ఎవరో వదిలించుకున్న పాత స్పోర్ట్స్ కారును బెంగుళూరులో కొని తెచ్చాడు. రెండే సీట్లు, ఎర్ర రంగు, టాపు మడిచేస్తే నెత్తిమీద ఆకాశమే. పోయేముందు పొలమూ ఇల్లూ అన్నకు రాసి, కారు మాత్రం నాకిచ్చాడు. ఇది నీది అని నాన్న నాకిచ్చింది అదొక్కటే.

ఆడమనిషి ఆ కారు తోలుతుంటే రోడ్డు మీద జనం నిలబడి చూసేవాళ్లు. అన్నకు తల కొట్టేసినట్టుండేది. మేస్త్రీ మాత్రం పక్క సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని, "సూపు రోడ్డు మీద పెట్టు అమ్మణ్ణీ, జనం సూసేది సూస్తానే ఉంటారు" అనేవాడు. నేను గేరు గరగరలాడిస్తే తిట్టేవాడు కాదు, పంటి నొప్పి వచ్చినట్టు మొహం పెట్టేవాడు. తుడుచుకునే గుడ్డ ఎప్పుడూ భుజం మీదే ఉండేది, చేతులు మాత్రం లుంగీకే తుడిచేవాడు. ఆయనిచ్చిన ధైర్యంతోనే కలకడ దాకా, శాంతిపురం దాకా ఒంటరిగా తిరిగాను. ఆ మేలు కాదనను.

ఒక వేసవిలో పుంగనూరు దారిలో ఇంజన్ లోపలి నుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడొచ్చింది. ఆయిల్ అందక క్రాంకు దెబ్బతింది. పిస్టన్ల పోటుకు తిరుగుతూ బండిని నడిపించే బరువైన ఇనుప కడ్డీ అది. మేస్త్రీ ఇంజన్ దించి, క్రాంకును కుప్పంలో సాన పట్టించడానికి తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక నన్ను పిలిపించాడు. దాన్ని గొలుసుకు వేలాడదీసి చిన్న సుత్తితో తట్టాడు. పగులు లేని క్రాంకు గంటలా మోగుతుందని నాకు నేర్పింది ఆయనే. అది దబ్బుమంది.

"ఇన్నావా అమ్మణ్ణీ? లోపల పగిలిండాది. బిగిస్తే యాడో ఒకచోట ఇరిగి నీ పానం మీదికొస్తాది."

"వేరేది దొరకదా మేస్త్రీ?"

"ఈ కాలం నాటి కారుకు యాడ దొరుకుతాదమ్మా? ఇంక ఇడిసిపెట్టు."

అక్కడే ఏడ్చేశాను. ఆయన తలమీద చెయ్యేసి ఓదార్చాడు కూడా. కారు టార్పాలిన్ కిందికి చేరింది. వేరే ఊళ్లలో వెతుకుదామని ఎప్పుడడిగినా అదే జవాబు.

చావింటి ముందు కుప్పం సాన షాపాయన కనిపించాడు. ఎర్రకారు అమ్మగా నన్ను ఎరిగినవాడే. "బాగుండావామ్మా? కారు బాగా నడస్తాండాదా?" అన్నాడు.

"యాడ నడస్తాదన్నా? క్రాంకు పగిలిపోయింది గదా."

ఆయన బిత్తరపోయాడు. "పగలడమేంది? నేనే సాన పట్టి, తట్టి సూసి పంపిస్తి. ఖంగుమనింది."

మేస్త్రీ తట్టినప్పుడు దబ్బుమందని చెప్పాను. ఆయన నా దగ్గరికి జరిగాడు. "చెయ్యేమన్నా ఆనించినాడా? చెయ్యి పెడితే ఏ క్రాంకూ మోగదమ్మా."

అప్పుడు గుర్తొచ్చింది. కుడిచేతిలో సుత్తి. ఎడమచేత్తో క్రాంకు కొసను నిమురుతున్నట్టు పట్టుకున్నాడు. జాలితో పట్టుకున్నాడనుకున్నాను.

దివసాల రోజు, కర్మ ముగిశాక మేస్త్రీ భార్యను అడిగాను. ఆవిడ దాచలేదు. "మీ అన్న వచ్చి శానాసేపు కూసున్నాడమ్మా. సెల్లెలు ఆ కారులో తిరిగితే మా పరువు పోతాండాది, దాన్ని ఆపితే నువ్వే ఆపల్ల, నీ మాటే ఇంటాది అన్యాడు. ఈయనకు కాదనే నోరు లేకపోయె."

నిజమే, నేను ఆయన మాటే వింటాను. అన్న సంగతి నాకు కొత్తేమీ కాదు, అతని మీద కోపం కూడా పాతదే. మేస్త్రీ మాత్రం తాను నేర్పిన విద్యతోనే నన్ను మోసం చేశాడు. దెబ్బ తగిలిందే అక్కడ. నిలదీసి అడుగుదామంటే మనిషి లేడు. తిడదామంటే, తిట్టినా పడుండేంత చనువున్న మనిషి ఆయనొక్కడే.

ఆవిడ నన్ను మేస్త్రీ షాపు వెనక గదిలోకి తీసుకెళ్లి ఒక గోనెపట్టా విప్పింది. నా క్రాంకు. ఎక్కడా తుప్పు లేదు, ఒళ్లంతా గ్రీజు. "ప్రతి ఆయుధపూజకూ తీసి తుడిసి, కొత్త గ్రీజు పూసి బొట్టు పెట్టేవాడమ్మా. ఈ తూరీ పెట్టినాడు" అంది.

ప్రతి ఆయుధపూజకూ నేనూ ఆ షాపుకు వెళ్లేదాన్ని. పూజయ్యాక బొరుగులూ బెల్లమూ మొదట నా దోసిట్లోనే పోసేవాడు. ఈ ఏడూ పోశాడు. "తిను అమ్మణ్ణీ" అన్నాడు. గోడకు ఇవతల నిలబడి నేను తిన్నాను. గోడకు అవతల, గోనెపట్టాలో, తడి ఆరని కుంకుమ బొట్టుతో నా క్రాంకు ఉంది.