ఆవిరి గిన్నెలో బ్లీచింగ్ పౌడరు

2021 వేసవిలో, కరోనా రెండో విడత ముదిరిన రోజుల్లో, హోసూరులోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నన్ను ట్రయాజ్ బల్ల దగ్గర వేశారు. అప్పటికి నేను హెడ్ నర్సుని. వచ్చినవాళ్ళలో ఎవరిని ముందు చూడాలో, ఏ వార్డుకు పంపాలో తేల్చడమే ట్రయాజ్. దగ్గు, ఆయాసం ఉండి ఆక్సిజన్ తగ్గితే కోవిడ్ వార్డే. ఆ వార్డంటే జనానికి వణుకు. మాకూ వణుకే, పైకి చెప్పుకునేవాళ్ళం కాదు.

ఒక ఉదయం అత్తిముగం అనే పల్లె నుంచి రైతు ఒకాయన భార్య మునెమ్మను బైకు మీద తీసుకొచ్చాడు. ఆమెకు ఊపిరి అందడం లేదు. డ్యూటీ డాక్టరు కోవిడ్ అనుమానమని రాయబోయాడు. నాకెందుకో పొసగలేదు. జ్వరం లేదు, కళ్ళు మాత్రం కారం పడ్డట్టు ఎర్రగా కారుతున్నాయి. ఎప్పటినుంచని భర్తను అడిగాను.

"పొద్దున ఆవిరి పట్టినాకనే సిస్టరమ్మా," అన్నాడు.

ఆవిరి నీళ్ళలో పసుపు, వేపాకు, నిమ్మరసం వేశారట. కాసేపు నసిగి, వీధిలో చల్లమని పంచాయతీవాళ్ళు ఇచ్చిన బ్లీచింగ్ పౌడరు కూడా తన తల్లి ఒక చెంచా వేసిందన్నాడు. ఆ పొడికి నిమ్మ పులుపు తగిలితే క్లోరిన్ వాయువు లేస్తుంది. దాన్ని ఈ మనిషి దుప్పటి కప్పుకుని మరీ పీల్చింది. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టే.

నేను చెప్పగానే డాక్టరు కోవిడ్ అని రాయడం మానుకున్నాడు. ఆమెను మామూలు వార్డులో ఆక్సిజన్ మీద పెట్టాం. భర్త కాస్త కుదుటపడి, "ఇంటికాడ అమ్మ ఇప్పుడు పిల్లోళ్ళకు పట్టిస్తా ఉంటాది," అన్నాడు.

వెంటనే ఫోన్ చేయించాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే ముసలామె ఎత్తింది. ఫోన్ లాక్కుని పిల్లలు యాడున్నారని అడిగాను.

"పెద్దది దుప్పట్లో ఉండాది. దగ్గుతా ఉండాది, రోగం బయటికి వస్తా ఉండాది లేమ్మా."

దుప్పటి తీసి పిల్లను బయటి గాలికి తీసుకుపొమ్మన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"వీధిలో చల్లితే చచ్చే రోగం ఎదలో చావదా?"

"ఆ పొడితోనే నీ కోడలు ఊపిరాడక ఈడికొచ్చిందమ్మా," అన్నాను.

అవతల గిన్నె దొర్లిన చప్పుడైంది. ఆ తరువాత ఏమీ వినిపించలేదు. అప్పుడు పడినంత భయం నేను కోవిడ్ వార్డులో కూడా పడలేదు. చివరికి పిల్ల ఏడుపు వినబడింది. ఏడవాలంటే ఊపిరి ఉండాలి కదా అనుకున్నాను. అంబులెన్స్ పంపి పిల్లలిద్దరినీ రప్పించాం. చిన్నవాడికి ఇంకా ఆవిరి పట్టించలేదు. తల్లీకూతుళ్ళు కోలుకుని ఇంటికి వెళ్ళారు.

రిటైరయ్యేదాకా ఆయాసంతో ఎవరొచ్చినా, రోగానికి భయపడి ఇంట్లో ఏం చేశారని అడిగేదాన్ని. అంతకంటే ముందు, అది ఇప్పుడు ఇంకెవరికి చేస్తున్నారని అడిగేదాన్ని. మన చేతికి వచ్చిన మనిషికి మనం ఉన్నాం. ఇంట్లో ఉన్నవాళ్ళకు ఆ ప్రశ్న ఒక్కటే ఉంది.